పేట చరిత్ర కావాలంటే కొళాయి తిప్పినాయన్ని అడగండి

"మేముండే పేట చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మీ పేటలో మీరు మరిచిపోలేని మనిషి ఎవరు?" అని మీరు అడిగారు. రెండు ప్రశ్నలకీ నా దగ్గర ఒకటే జవాబు ఉంది కాబట్టి కలిపే రాస్తాను.

మాది తిరుపతి. ఈ మాట చెప్పగానే అవతలివాళ్ల ముఖంలో ఒక వెలుగు వస్తుంది, వెంటనే దర్శనం టికెట్ల సంగతి వస్తుంది. బెంగళూరులో పదిహేనేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో నన్ను బాగున్నావా అని అడిగినవాళ్ల కంటే మూడొందల టికెట్లు ఎప్పుడు వదుల్తారని అడిగినవాళ్లే ఎక్కువ. కొండ కింద కూడా ఒక ఊరుందని, అక్కడ మనుషులు పొద్దున్నే లేచి పాల ప్యాకెట్లు తెచ్చుకుంటారని ఎవరికీ తట్టదు.

తట్టినా, ఊరి చరిత్ర అనగానే గోవిందరాజస్వామి గుడి దగ్గర మొదలై నాలుగు మాడవీధుల్లో ముగిసిపోతుంది. 1130లో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించడం, చుట్టూ ఊరు ఏర్పడటం, గోవిందరాజపట్నమని, రామానుజపురమని పిలవడం. ఇప్పుడు ఫిబ్రవరి 24న ఊరికి పుట్టినరోజు కూడా చేస్తున్నారు. చెయ్యనీండి, సంతోషమే. కానీ మాది కొర్లగుంట. లీలామహల్ సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. సన్నిధి వీధి వాళ్లకి శాసనాలు ఉన్నాయి, బేరివీధి వాళ్లకి తరాల నాటి కొట్లు ఉన్నాయి. మాకేముంది? అప్పుడప్పుడు వచ్చే కొళాయి నీళ్లు ఉన్నాయి.

హాస్యానికి అనడం లేదు. మా పేట చరిత్ర అంతా నీళ్లే. పేర్లు చూడండి: కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట. మా ఊళ్లో పేటల పేర్ల చివర ఇన్ని గుంటలు ఎందుకున్నాయని చిన్నప్పుడు ఒక్క టీచరూ చెప్పలేదు. శేషాచలం కొండల మీద వాన పడితే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? కపిలతీర్థం దగ్గర మాల్వాడిగుండం దూకడం చూడటానికి అందరూ సెల్‌ఫోన్లు పట్టుకుని పోతారు కదా, ఆ దూకిన నీళ్లు తర్వాత ఎటు పోతాయని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఊరి మీదుగానే పోవాలి. దారిలో గుంటలు నింపుకుంటూ, చివరికి స్వర్ణముఖిలో కలవాలి. ఆ గుంటల మీదే మనం కాలనీలు కట్టుకుని, వాటికి నగర్ అని పేర్లు పెట్టుకున్నాం. కొర్లగుంటలో 'కొర్ల' అంటే కొర్రలే అని నా గట్టి నమ్మకం. ఆధారం అడక్కండి.

సరే, ఆ మనిషి దగ్గరికి వస్తాను. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. మా వీధిలో ఆయన పేరు పిలిచినవాళ్లు కూడా లేరు. పెద్దవాళ్లకి కొళాయోడు, మాకు కొళాయి మామ. మునిసిపాలిటీలో నీళ్ల వాల్వులు తిప్పే పని. కల్యాణి డ్యాం కట్టిన రోజుల్లో, అంటే 1977 ప్రాంతంలో, రోజుకూలీగా చేరి తర్వాత పర్మనెంటు అయినాడు. చేతిలో నాలుగడుగుల ఇనుప కమ్మి, పైన అడ్డంగా పిడి. సైకిల్ రాడ్డుకి దాన్ని ట్యూబు ముక్కతో కట్టుకుని తెల్లారుజామున నాలుగింటికి వచ్చేవాడు. ఆ కమ్మి రోడ్డు మీద టంగుమని తగిలిందంటే మా వీధి మొత్తం లేచేది. మా అమ్మ అలారం పెట్టుకున్న రోజు నాకు గుర్తులేదు.

రోజు మార్చి రోజు నీళ్లు. ఎండాకాలం మూడు రోజులకొకసారి. మా వీధికి వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో, పై వీధికి ఎన్ని చుట్లో అంతా ఆయన నోటిలెక్క. పై వీధి ఎత్తులో ఉండేది కాబట్టి వాళ్లకి ఎక్కువ తిప్పాలి. ఎక్కువ తిప్పితే మా వీధి ఆడవాళ్లు తిట్టేవాళ్లు, తక్కువ తిప్పితే వాళ్లు తిట్టేవాళ్లు. ఏడాదిలో మూడువందల యాభై రోజులు ఆయన తిట్లు తినేవాడు.

మిగిలిన రోజుల సంగతి తిరుపతి వాళ్లకి చెప్పక్కర్లేదు. గంగమ్మ జాతర. మేలో చాటింపు వేసినప్పటి నుంచి మా మామ మునిసిపాలిటీ మనిషి కాదు. బైరాగి వేషం రోజు ఒళ్లంతా నామంసుద్ద పూసుకుని, తోటి వేషం రోజు బొగ్గుపొడి పూసుకుని వేపమండలు కట్టుకుని వచ్చేవాడు. వేషంలో ఉన్నవాడు బూతు తిట్టినా పడాల్సిందే, అది అమ్మవారి మొక్కు. మా మామ ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకునేవాడు. ఎవరు ఏ నెలలో ఏమన్నారో గుర్తుపెట్టుకుని, ఇంటింటి ముందు నిలబడి లెక్క తీర్చేవాడు. మోటారు పెట్టి కొళాయిలోంచి నీళ్లు లాగే ఇళ్లకయితే డబుల్. ఒకసారి మా వార్డు పెద్దమనిషి ఒకాయన స్కూటర్ మీద వస్తుంటే ఆపి, వాళ్లింటికి రాత్రిపూట దొంగతనంగా వేయించుకున్న రెండో కనెక్షన్ గురించి నడివీధిలో, బూతులు కలిపి, పాట మాదిరి చెప్పినాడు. ఆ పెద్దమనిషి చేతులు జోడించి దండం పెట్టాల్సి వచ్చింది. వేషానికి పెట్టాలి కదా. మా నాయన అరుగు మీద కూర్చుని నవ్వు ఆపుకోలేక లోపలికి పోయినాడు. తెల్లారి నాలుగింటికి మళ్లీ అదే కమ్మి, అదే మనిషి, చెవుల వెనక ఇంకా బొగ్గు.

ఇప్పుడు జాతర పెద్దదైపోయింది. ఫ్లెక్సీలు, డీజేలు, వేషం వేసుకుని సెల్ఫీలు. తిట్టు మాత్రం తగ్గిపోయింది. ఎవర్ని ఏమంటే ఏ కేసు అవుతుందో అని అందరికీ టెన్షన్.

బావి సంగతికి వస్తాను, అసలు చెప్పాలనుకున్నది అదే.

2018 ఎండాకాలంలో అమ్మ కంటి ఆపరేషన్ కోసం రెండు వారాలు ఇంట్లో ఉన్నాను. ఊరికే కూర్చోలేక బీరువాలో పాత కాగితాలు సర్దుతుంటే మా తాత స్థలం కొన్న దస్తావేజు దొరికింది. మీరు మొదటి ప్రశ్నకి జవాబు రాసుకోవాలనుకుంటే ఇక్కడ రాసుకోండి: మీ ఇంటి పాత దస్తావేజు తీసి చెక్కుబంది, అంటే నాలుగు వైపుల హద్దులు, చదవండి. మన పెద్దవాళ్లు హద్దులు రాసేటప్పుడు సర్వే నంబరుని పూర్తిగా నమ్మేవాళ్లు కాదు. కంటికి కనపడేది రాసేవాళ్లు. తూర్పు ఫలానా వాళ్ల పెంకుటిల్లు, పడమర కాలవ పొరంబోకు, దక్షిణం చింతమాను. మా దాంట్లో "ఉత్తరం: ఉమ్మడి బావికి పోవు దోవ" అని ఉంది. మా ఇంటికి ఉత్తరాన ఇప్పుడు ఒక మొబైల్ రీఛార్జి షాపు, ఒక బడ్డీకొట్టు, ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. బావి లేదు, దోవ లేదు.

అమ్మని అడిగితే, "బావి ఉండేది కానీ అటువైపు కాదు, వేపచెట్టు ఇంటి ముందర" అంది. వేపచెట్టు ఇల్లు అంటే దక్షిణం వైపు. కంటికి కట్టు, నోటికి మాత్రం కట్టు లేదు. నలభై ఏళ్లు ఆ వీధిలో ఉన్న మనిషికి నువ్వు చెప్పొచ్చినావా అని దస్తావేజుని కూడా తిట్టింది.

కొళాయి మామ అప్పటికే రిటైరయి, మనవణ్ణి స్కూలు ఆటో ఎక్కించే పనిలో ఉన్నాడు. సాయంత్రం పోయి అడిగితే ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి కమ్మి తెచ్చుకున్నాడు. రిటైరయినా అది తిరిగి ఇవ్వలేదన్నమాట. నేను అడగలేదు, మీరూ అడక్కండి.

వీధి మొగలో బడ్డీకొట్టు పక్కన ఎవరిదో స్కూటీ ఉంది. దాన్ని పక్కకి జరపమన్నాడు. కింద రోడ్డుతో సమానంగా ఒక బండ, దాని మీద ఏళ్ల తరబడి పడిన మట్టి, గుట్కా కవర్లు. కమ్మి మొనని అంచులో పెట్టి, కాలితో తొక్కి, ఒక్క ఊపులో బండని జానెడు లేపి నాతో, "అట్లే పట్టుకో అబ్బోడా, ఇడిస్తే నా ఏళ్లు పోతాయి" అన్నాడు. పట్టుకున్నాను. నా చేతులు లాప్‌టాప్ చేతులు, వణుకుతున్నాయి. కొట్టామె వచ్చి ఇంకో పక్క పట్టింది. ముగ్గురం కలిసి జరిపితే లోపలి నుంచి చల్లటి గాలి ముఖానికి కొట్టింది. బయట నలభై రెండు డిగ్రీలు.

సెల్‌ఫోన్ లైటు వేశాను. ముందు కనపడింది తుప్పుపట్టిన వాల్వు, దాని చుట్టూ ఇటుకలు. ఇంతేనా అనుకున్నాను. మామ నా చెయ్యి పట్టుకుని లైటుని పక్కకి తిప్పినాడు. ఇటుకల వెనక రాతి కట్టడం, గుండ్రంగా. పైవరస రాయి అంచు మీద నాలుగైదు గాళ్లు. వేలు పెట్టి చూశాను. బొటనవేలు సగం దిగేంత లోతు, గాజు మాదిరి నున్నగా ఉంది. గిలకలు రాకముందు, రాయి మీదే తాడు ఒరుసుకుంటూ చేదుకున్నప్పటి గాళ్లు అవి.

"ఈ పక్కది మీ అవ్వ చేదేది" అన్నాడు. "మీ అవ్వది ఎడంచేతి వాటం. ఇంకెవురికీ ఆ పక్క నిలబడేదానికి వీలయ్యేది కాదు."

మా అవ్వది ఎడంచేతి వాటమని నేనెవరికీ చెప్పలేదు. దోసెలు ఎడమచేత్తో తిప్పేది. అన్నం మాత్రం కుడిచేత్తో వడ్డించమని మా తాత సాధించేవాడట.

"మరి పూడ్చేసినారని అంటారే మామా" అన్నాను.

"యాడ పూడ్చినారు? కొళాయిలు వచ్చినాక చెత్త ఏస్తా ఉన్నారని పైన బండ కప్పినారు. పూడ్చాలంటే మట్టి ఎన్ని లారీలు కావాల? మూతకి ఒక బండ చాలు. బిల్లు మాత్రం పూడ్చినట్టే పెట్టింటారు."

చిన్న రాయి ఒకటి తీసి లోపలికి వదిలినాడు. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపే టుబుక్కుమంది. మే నెలలో. ఆ వారమంతా మా వీధికి ట్యాంకర్లతో నీళ్లు తోలుతున్నారు. కొట్టామె రెండు అడుగులు వెనక్కి వేసి, "ఇరవై ఏండ్లుగా దీనిమిందనేనా నేను కూచునేది" అని గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. ఆ రోజు నుంచి స్టూలు అటు జరుపుకుంది. బండ మీద పసుపు కుంకుమ కూడా పెట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా తిరిగాం. గుంట కట్ట ఎక్కడి నుంచి ఎక్కడికి పోయేదో, మొరవ, అంటే గుంట నిండినాక మిగులు నీళ్లు పోయే కాలవ, ఏ ఇంటి పెరట్లోంచి పారేదో, తూము ఉన్న చోట ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటు సెల్లారు ఉందో, అన్నీ కమ్మితో నేల మీద కొట్టి చూపించినాడు. గట్టిగా మోగితే ఒక మాట, బోలుగా మోగితే ఇంకో మాట. నేను నోట్‌బుక్కులో బొమ్మ గీసుకున్నాను. నాకు బొమ్మలు రావు. ఇప్పుడు చూస్తే అది గుంటో, గుమ్మడికాయో తెలియదు. గోడలకి చెవులుంటాయంటారు కానీ ఆయనకి రోడ్లకింద చెవులున్నాయి.

ఇలాంటి మనుషుల పేరు ఎక్కడా ఉండదు, అదే నా బాధ. మా ఊళ్లో విగ్రహాలకి కొదవ లేదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విగ్రహం ఉంది, ఆమెకు పెట్టాల్సిందే. అన్నారావు సర్కిల్ ఉంది. టీటీడీ తొలి కార్యనిర్వహణాధికారి చెలికాని అన్నారావు గారి పేరది. ఆటోవాణ్ణి అన్నారావు ఎవరని అడిగి చూడండి, "స్టాపు సార్" అంటాడు. సర్కిల్‌కి పేరు పెడితే మనిషి గుర్తుంటాడనుకోవడం ఎంత భ్రమో అక్కడ తెలుస్తుంది. అన్నమయ్య సంగతే తీసుకోండి. కీర్తనలు చెక్కిన రాగిరేకులు శ్రీవారి ఆలయంలోనే సంకీర్తన భాండారంలో వందల ఏళ్లు పడి ఉన్నాయి. దాని పక్కనుంచే లక్షల మంది గోవిందా అంటూ నడిచిపోయారు. 1922లో గానీ అవి బయటపడలేదు. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఈ ఊళ్లో కూర్చుని వాటితో కుస్తీ పట్టబట్టి కదా ఇవాళ ప్రతి పెళ్లి వీడియోలోనూ అన్నమయ్య కీర్తన మోగుతోంది. రాళ్లపల్లి వారు 1979లో కన్నుమూశారు. ఈ ఊళ్లో ఆయన ఎవరని అడిగితే ఎంతమంది చెప్తారు? అంతటివాళ్ల గతే ఇలా ఉంటే వాల్వు తిప్పినాయన్ని ఎవరు తలుస్తారు.

ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. ఈమధ్య కొత్త రోడ్లకి 'మార్గ్' అని పెడుతున్నారు. వీధి, దోవ, బాట, రోడ్డు, ఇన్ని మాటలుండగా మార్గ్ ఎందుకో! మా అమ్మ దాన్ని 'మార్కు' అంటుంది. ఎవరికి ఎన్ని మార్కులో.

2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. 18వ తేదీ కపిలతీర్థం ఉగ్రరూపం టీవీల్లో దేశమంతా చూసింది. శ్రీకృష్ణనగర్‌లో ఒకింట్లో భూమిలోకి దించిన సిమెంటు వరల ట్యాంకు, ఆ ఇంటావిడ లోపలికి దిగి కడుగుతుండగా, మనిషితో సహా పైకి లేచొచ్చింది. పాపం ఆమె బయటపడింది. జనం దేవుడి మహిమ అని కొందరు, భూకంపమని కొందరు వీడియోలు పంపుకున్నారు. నేల నీళ్లతో ఉబ్బిపోయి ఉంటే ఖాళీ ట్యాంకు పడవ మాదిరి తేలుతుంది, అంతే. నా నోట్‌బుక్కులో గుమ్మడికాయ చూసినవాడికి అందులో ఆశ్చర్యం లేదు.

మా వీధిలో 18వ తేదీ రాత్రి మోకాళ్లు దాటి నీళ్లు. నేను బెంగళూరు నుంచి ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. అమ్మని పై వీధిలో చుట్టాలింటికి తీసుకుపోయింది మామే, భుజం మీద చెయ్యి వేసుకుని, ముందు కమ్మితో దారి పొడుచుకుంటూ. మ్యాన్‌హోలు మూతలు ఎక్కడ లేచిపోయినాయో తెలియదు కదా. తెల్లారి నీళ్లు తియ్యడానికి వచ్చిన కుర్రవాళ్లకి, పాత మొరవ కాలవ ఇక్కడే, ఈ గోడ కింద పగలగొట్టండి, గంటలో దిగిపోతాయి అని చెప్పినాడు. మొదట వినలేదు. మధ్యాహ్నానికి విని పగలగొట్టినారు. ఈ కథ సినిమా అయితే నీళ్లు గలగలమని పోవాలి. చుక్క కూడా కదల్లేదు. కింద కాలవ ఉంది, కానీ దాని నిండా ఎవరో పునాది పోసుకున్నారు. మామ కాసేపు ఆ కన్నంలోకి చూసి, "ఇది నేను రిటైరయినాక చేసిన పని" అని, లుంగీ పైకి కట్టుకుని ఇంటికి పోయినాడు. ఆ ముక్క ఫోన్‌లో నాకు చెప్పేటప్పుడు అమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు.

తర్వాత ఏడాది మా వీధికి సిమెంటు రోడ్డు వేశారు. మంచిదే, బురద లేదు. బండ దాని కింద పోయింది. కొట్టామె మాత్రం ఆ చోట సిమెంటు పచ్చిగా ఉండగానే ఒక రూపాయి బిళ్ల అద్దింది. ఊరికి పోయినప్పుడల్లా దాన్ని కాలి వేలితో తడిమి చూస్తాను. మొన్న ఉగాదికి మా పాపకి చూపించి, ఇక్కడ నీ జేజవ్వ ఎడంచేత్తో నీళ్లు చేదేది అని చెప్తుంటే, వాకిట్లోంచి అమ్మ కేకేసింది: "బిడ్డకి తప్పులు నేర్పొద్దు. ఆ బావి వేపచెట్టు ఇంటి ముందర."